భుజం మీద తట్టేదాకా

2023 జూలై నెల. సింగపూర్‌లో పడమటి వైపున్న ఒక డ్రైవింగ్ సెంటర్‌లో నేను బైకులూ స్కూటర్లూ నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌గా చేరి అప్పటికి పదిహేడేళ్ళయింది. మా సెంటర్‌లో సర్క్యూట్ ఒకటుంది. అంటే ప్రహరీ గోడ లోపల వేసిన ఉత్తుత్తి రోడ్డు. సిగ్నళ్ళు, మలుపులు, ఎత్తుపల్లాలు, జీబ్రా గీతలు అన్నీ నిజం రోడ్డు మీద ఉన్నట్టే ఉంటాయి, లారీలు మాత్రం ఉండవు. ఆ గోడ లోపల పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబడి ఒకే మాటను వందసార్లు చెప్పడమే నా ఉద్యోగం.

ఆ మాట "తల తిప్పు". బండికి అద్దాలు రెండున్నా, కుడి భుజానికి కాస్త వెనగ్గా ఆ అద్దాల్లో పడని చోటు ఒకటుంటుంది. ఒక కారు కారే అందులో దాక్కోగలదు. దాన్ని బ్లైండ్ స్పాట్ అంటాం. లేన్ మారేటప్పుడు ముందు అద్దం చూడాలి, తర్వాత ఇండికేటర్ వెయ్యాలి, ఆ తర్వాత భుజం మీదుగా తల తిప్పి ఆ చోటును కంటితో చూడాలి, అప్పుడే బండి కదపాలి. వినడానికి ఇంతే. చెయ్యమంటే మాత్రం జనానికి ఎక్కడలేని మెడనొప్పులూ వస్తాయి. ముఖ్యంగా మన ఊళ్ళలో పదేళ్ళూ ఇరవయ్యేళ్ళూ నడిపి ఇక్కడికి వచ్చినవాళ్ళతో నా ప్రాణం పోయేది. వెనకవాడు ఎలాగూ హారన్ కొడతాడు, అప్పుడు చూసుకుందాంలే అన్న ధీమాతో నడుపుతారు వాళ్ళు. ఇక్కడ ఎవరూ హారన్ కొట్టరు. నేరుగా వచ్చి తగుల్తారు.

నాకు నోరు పెద్దది. దాచడానికేముంది, మాది నెల్లూరు జిల్లా, మా ఇంట్లో ముద్దు చేసినా పక్కింటివాళ్ళకి పోట్లాటలాగే వినపడేది. విద్యార్థుల మీద అరవద్దని ఆఫీసు నుంచి అప్పటికే మూడు కాగితాలు అందుకున్నాను. నా తోటి ఇన్‌స్ట్రక్టర్ హమీద్ అని ఒక మలయ్ మనిషి, నెమ్మదస్తుడు, రోజూ టీ తాగుతూ నాకు హితబోధ చేసేవాడు. "అయ్యో పెంచల్, దే ఆర్ నాట్ డెఫ్ లా" అనేవాడు. పెంచలయ్య అన్న పేరు అతని నోట్లో సగమే పట్టేది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా విషయంలో ఊరిదాకా పోనక్కర్లేదు, ఇంట్లోనే తేలిపోయింది. నా భార్య అంతకు ఆరేళ్ళ ముందే నన్ను వదిలి వెళ్ళిపోయింది. ఎవరితోనో కాదు, ఎవరి కోసమో కాదు, ఊరికే, విసిగిపోయి వెళ్ళింది. అప్పట్నుంచి బూన్ లే అనే పేటలో ఒక్కణ్ణే ఉంటున్నాను. నా స్కూటర్ వెనక సీటు మీద సామాన్లు పెట్టుకునే డబ్బా బిగించేశాను. ఎవరూ కూర్చోని చోటు ఖాళీగా ఉండటం దేనికని.

ఆ జూలైలో ఒక మంగళవారం పొద్దున ఖాదర్ వచ్చాడు. యాభై నాలుగేళ్ళుంటాయి, కరీంనగర్ మనిషి, జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంట్‌లో మెయింటెనెన్స్ పని. ఆ దీవిలోకి బండి తీసుకుపోవాలంటే బండికి పాస్ ఉండాలి. రెండు నెలల క్రితం అతనికి యాక్సిడెంట్ అయిందట. నాలుగు రిఫ్రెషర్ క్లాసులు తీసుకుని, చివర్లో అసెస్‌మెంట్ పాసైతేనే పాస్ కొనసాగిస్తామని అతని పనిచోటు నుంచి ఉత్తరం. లైసెన్స్ ఉన్నవాణ్ణి మళ్ళీ మొదట్నుంచి సరిచేయడాన్ని రిఫ్రెషర్ అంటాం. కొత్తవాడికి నేర్పడం కంటే అది పది రెట్లు కష్టం.

"ఏమైందయ్యా?" అన్నాను ఉత్తరం చదివి.

"లేన్ మారుతుంటె పక్కపొంటి కారు తగిలింది సార్. ఇద్దరం పడ్డం. నాకేం కాలే. మా ఆమెకు మోచెయ్యి చిట్లింది."

"చూసుకోలేదా?"

"ముప్పై ఏండ్ల సంది నడుపుతున్న సార్" అన్నాడు. నేను అడిగినదానికి అది జవాబు కాదు, కానీ మన వాళ్ళందరూ చెప్పే జవాబు అదే.

తన స్కూటరే తెచ్చుకున్నాడు. కుడివైపు రేకంతా గీసుకుపోయి ఉంది. ఎడమ అద్దం లోపలికి మడిచి ఉంది. కుడి అద్దంలోకి తొంగిచూస్తే అతని గడ్డం కనపడింది.

"మీసం దువ్వుకోవడానికి పెట్టుకున్నావా ఈ అద్దం?" అన్నాను. అతను నవ్వలేదు. అద్దాలు నేనే సరిచేసి, బయల్దేరమన్నాను.

చెప్పకూడదు గానీ, చెయ్యి బంగారం. స్కూటర్‌కి కాలి బ్రేక్ ఉండదు, రెండు బ్రేకులూ చేతిలోనే. చాలామంది భయంతో ఒక్క ముందు బ్రేకే గట్టిగా పట్టేసి జారిపోతారు. ఇతను రెంటినీ కలిపి, నిమ్మకాయ పిండినంత నెమ్మదిగా నొక్కి ఆపాడు. ఎనిమిది అంకె ఆకారంలో వేసిన దారిలో కాలు కింద పెట్టకుండా మూడు చుట్లు తిరిగాడు. ఇలాంటివాడికి యాక్సిడెంట్ ఎలా అయిందా అనుకుంటుండగానే లేన్ మారే చోటు వచ్చింది.

ఇండికేటర్ వేశాడు. వేగం తగ్గించాడు. వీపు నిటారుగా పెట్టి, అలాగే ముందుకు చూస్తూ ఉండిపోయాడు. పంక్తిలో కూర్చుని వడ్డన కోసం చూసినట్టు దేనికోసమో చూశాడు. లేన్ మారకుండానే మలుపు దాటిపోయాడు. రెండో చుట్టులోనూ అంతే. మూడో చుట్టులో నాకు ఒళ్ళు మండి "పో!" అని ఒక్క అరుపు అరిచాను. ఆ క్షణంలోనే, తల కూడా తిప్పకుండా, ఠక్కున కుడి లేన్‌లోకి వెళ్ళిపోయాడు.

ఆపించి దగ్గరికి వెళ్ళాను. "ఎవరి కోసమయ్యా అట్టా ఆగుతావుండావు? నేను పొమ్మంటే అట్టా దూకేస్తావేంది?"

అతను హెల్మెట్ తీసి కాసేపు చేతుల్లో తిప్పాడు. "తట్టాలె గద సార్" అన్నాడు.

"ఎవరు తట్టాలి?"

"జుబేదా. మా ఆమె."

అప్పుడు చెప్పాడు. పెళ్ళైన కొత్తలో కరీంనగర్‌లో ఒక పాత స్కూటర్ ఉండేదట, దానికి అద్దాలే లేవు. జుబేదా వెనక కూర్చుని చూసేది. గాలికి మాటలు వినపడవు కాబట్టి ఇద్దరూ ఒక లెక్క పెట్టుకున్నారు. కుడి భుజం మీద ఒకసారి తడితే పో, రెండుసార్లు తడితే ఆగు. సింగపూర్ వచ్చి పందొమ్మిదేళ్ళైనా అదే లెక్క. పొద్దున షిఫ్టుకి వెళ్తూ ఆమెను దారిలో ఒక పిల్లల బడి దగ్గర దించేవాడు, ఆమె అక్కడ వంట చేస్తుంది. ఆమె దిగాక మిగిలింది తిన్నని రోడ్డు, ఒకే లేన్‌లో పోతాడు.

"ఇక్కడికొచ్చినంక బండికి అద్దాలొచ్చినై గని, ఆమె ఉండంగ నాకు అద్దమెందుకు సార్?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. పదిహేడేళ్ళలో ఎన్ని రకాల తప్పులు చూశానో. హెల్మెట్ బకిల్ పెట్టుకోనివాళ్ళు, సైడ్ స్టాండ్ తియ్యకుండా బయల్దేరినవాళ్ళు, వానలో రోడ్డు మీది తెల్లగీత మీద బ్రేక్ వేసి జారినవాళ్ళు. తన మెడను పెళ్ళాం చేతిలో పెట్టినవాణ్ణి మాత్రం చూడలేదు.

రెండో క్లాసులో వాదనలు పెట్టుకోలేదు. హమీద్‌తో మాట్లాడుకుని, ఖాదర్ వెనక నేనే కూర్చున్నాను. హమీద్ తన బైక్ మీద మా కుడి భుజం వెనకగా, సరిగ్గా ఆ కనపడని చోట, నెమ్మదిగా వస్తున్నాడు. ఎప్పుడు బ్రేక్ వెయ్యాలో అతనికి తెలుసు. లేన్ మారే చోటు వచ్చింది. ఖాదర్ ఇండికేటర్ వేశాడు, వీపు నిటారుగా పెట్టాడు. నేను అతని కుడి భుజం మీద ఒకసారి తట్టాను.

వెళ్ళిపోయాడు. హమీద్ హారన్ కొట్టి పక్కకి తప్పుకున్నాడు. ఖాదర్ బండి ఆపి వెనక్కి తిరిగాడు.

"ఏంది సార్, పొమ్మని మీరే తడ్తిరి గద!"

"నేను తడితే పోతావా? తట్టినోడు తప్పు తడితే సచ్చిపోతావా? ఆ తల దేనికయ్యా, హెల్మెట్ తగిలించుకోవడానికా?"

సర్క్యూట్‌లో ఉన్నవాళ్ళంతా మావైపు చూశారు. నాలుగో కాగితం ఖాయం అనుకున్నాను. ఖాదర్ బండికి స్టాండ్ వేసి, వెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఆ దినం గూడ ఒక్కటే తట్టింది సార్" అన్నాడు. "ఇరవై ఎనిమిదేండ్లల్ల ఒక్కపారి గూడ తప్పు తట్టలే ఆమె. ఆ కారు తెల్లది, ఇంత పెద్దది, పక్కకే ఉంది. కనబడకుంట ఎట్లుంటది? యాడనో చూసింది. నా పానం అంటె లెక్కలేకుండ అయిందా అనిపిచ్చింది. అప్పట్నుంచి ఆమెతోని సరిగ మాట్లాడుతలేను."

"ఆమె ఏమంటుంది?"

"తప్పైంది అన్నది. గంతే. ఇప్పుడు బస్సుల పోతున్నది. హెల్మెట్ అల్మారీ మీద పెట్టిన."

ఇరవై ఎనిమిదేళ్ళు తప్పు తట్టని మనిషి, కళ్ళ ముందున్న తెల్ల కారును చూడకపోవడం ఏమిటి? ఆ ప్రశ్న ఆ రోజంతా నన్ను వదల్లేదు. మా పనిలో ఒక అలవాటు ఉంది. బండి పడితే, నడిపినవాణ్ణి తిట్టేముందు టైరు చూస్తాం, బ్రేక్ చూస్తాం, రోడ్డు చూస్తాం. వెనక కూర్చున్న మనిషిని ఎవరూ చూడరు. వెనక కూర్చునేవాళ్ళకి కూడా ఒక పాఠం ఉంటుంది, పిలియన్ లెసన్ అంటారు, వచ్చే క్లాసుకి ఆమెను తీసుకురమ్మని ఖాదర్‌కి చెప్పాను. అలాంటి పాఠం మా పట్టికలో లేదు. అబద్ధమే చెప్పాను.

శనివారం ఖాదర్ బండి మీద వచ్చిన పావుగంటకి ఆమె బస్సులో వచ్చింది. చిన్న మనిషి, నీలం స్కార్ఫ్, మోచేతికి ఇంకా పట్టీ ఉంది. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు గానీ, ఒకే స్టాప్‌లో వేరే వేరే బస్సుల కోసం నిలబడ్డవాళ్ళలా ఉన్నారు. ఖాదర్‌ని హమీద్‌తో సర్క్యూట్‌లోకి పంపేసి, స్టాండ్ వేసిన ఒక స్కూటర్ వెనక సీటు మీద ఆమెను కూర్చోబెట్టాను.

"సూటిగా ముందుకే చూడమ్మా. నేను వెనకనుంచి నడుచుకుంటా వస్తా. నా చేతిలో ఈ పసుపు కోన్ కనపడగానే చెప్పు."

కుడివైపు నుంచి నడిచాను. మామూలు కళ్ళకి భుజం దాటగానే రంగు తెలుస్తుంది. భుజం దాటాను. మోకాలి దాకా వచ్చాను. హ్యాండిల్ దగ్గరికి వచ్చాను. ఆమె ఏమీ అనలేదు. దాదాపు ముందు చక్రం పక్కన నిలబడ్డాక "ఆ, కనబడ్డది" అంది. ఎడమవైపు కాస్త నయం, అంతే. ఈసారి తల తిప్పి చూడమన్నాను. తిప్పినా, సూటిగా ఉన్నదాన్ని తప్ప పక్కదాన్ని పట్టలేకపోయింది.

కోన్ కింద పెట్టేశాను. "ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నాను. నా గొంతు అంత చిన్నగా రావడం నాకే కొత్త.

ఆమె ఖాదర్ ఎక్కడున్నాడో ఒకసారి చూసుకుంది. "రెండేండ్లాయె సార్. నీటికాసులంట. గొట్టంల నుంచి చూసినట్టు నడిమిట్ల ఉన్నదే కనబడతది. పోయింది రాదంట, ఉన్నది పోకుంట చుక్కలు ఇచ్చిన్రు. ఏసుకుంటున్న."

"మరి రెండేళ్ళూ ఎట్టా తట్టావు?"

"చప్పుడు ఇని" అంది. "కారుదొక చప్పుడు, లారీదొక చప్పుడు. అన్ని ఎరుకే నాకు. చప్పుడు లేకుంటె ఒకసారి తట్టేది. ఆ దినం కారుకు చప్పుడే లేకుండె సార్. కరెంటు కారంట. కింద పడ్డంకనే ఉన్నట్టు ఎరుకైంది."

రెండేళ్ళపాటు, రోజూ పొద్దున, సింగపూర్ రోడ్ల మీద ఇద్దరి ప్రాణాలను చెవితో నడిపిందీ మనిషి. అది తలకెక్కాక వచ్చింది కోపం.

"ఎందుకు చెప్పలేదమ్మా? నువ్వూ చచ్చి ఆయన్నీ చంపుతావా?"

"నక్కో సార్, అరవకున్రి. ఆయనకు ఇనబడతది." కళ్ళు తుడుచుకుంది. "ఎట్ల చెప్పాలె? పిల్లలు లేరు మాకు. డ్యూటీల నుంచి వస్తడు, తింటడు, పండుకుంటడు. మంచోడే, ఒక మాట అనడు. అసల్ మాటే అనడు. దినమంతల ఆయన నన్ను అడిగేది అదొక్కటే సార్, పోవాల్నా ఆగాల్నా అని. కండ్లు పోయినయని చెప్తె బస్సు ఎక్కిస్తడు. ఇంకేం అడుగుతడు నన్ను?"

నాకు తెలిసింది నా పని ఒక్కటే, అదే చెప్పాను. వెనక కూర్చునేవాళ్ళకి కంటి పరీక్ష ఏమీ లేదని, రెండు కాళ్ళూ ఫుట్‌రెస్టుల మీద ఉంచాలని, నడిపేవాడి నడుము గట్టిగా పట్టుకోవాలని, మలుపులో బండి ఎటు ఒరిగితే అటే ఒరగాలని, భయపడి రెండోవైపుకి వంగకూడదని. చూడటం నడిపేవాడి పని, నీది కాదు అని కూడా అన్నాను. ధైర్యం చెప్తున్నాననుకున్నాను.

"గంతేనా సార్?" అంది. ఉన్న ఒక్క ఉద్యోగమూ ఊడిపోయిన మనిషి అడిగినట్టుంది ఆ మాట.

నేను మొహం తిప్పుకున్నాను. "మంగళవారం ఆఖరి క్లాసు. ఆలోపు నువ్వు చెప్పు. చెప్పకపోతే నేను చెప్తా. ఇది నా పనమ్మా, నన్ను తిట్టుకున్నా సరే."

ఆ సాయంత్రం బూన్ లే హాకర్ సెంటర్‌కి, అంటే తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటుకి, తినడానికి వెళ్ళాను. ఇక్కడ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ కుర్చీ మనదని లెక్క, చోప్ చెయ్యడం అంటారు. నలుగురు కూర్చునే టేబుల్ దగ్గర ఒక్క కుర్చీకి ప్యాకెట్ పెట్టి అన్నం తెచ్చుకున్నాను. చెప్పేవి శ్రీరంగ నీతులు అన్నట్టు, జనానికి వెనక చూడమని పదిహేడేళ్ళుగా అరుస్తున్నవాణ్ణి, నేను ఇంట్లో ఎన్నిసార్లు తల తిప్పి చూశాను? నా భార్య నన్నేమైనా అడిగేదా, నేను ఆమెనేమైనా అడిగేవాణ్ణా అని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఆమె వెళ్ళేముందు ఏడాదంతా నేను ఆమెతో అన్న మాటలన్నీ ఆదేశాలే. తలుపెయ్యి, లైటార్పు, పక్కకి జరుగు. సర్క్యూట్‌లో అరిచినట్టే అరిచాను. అన్నం సగంలో వదిలేసి వచ్చేశాను.

మంగళవారం పొద్దున వాన. సర్క్యూట్ తడిసి మెరుస్తోంది, క్లాసులు అరగంట ఆపారు. నేను షెడ్డు కింద నిలబడి గేటు వైపే చూస్తున్నాను. చెప్పకపోయి ఉంటే నేనే చెప్పాలి, ఎలా మొదలుపెట్టాలో మూడు రోజులుగా ఆలోచించినా తేలలేదు. అంతలో గేట్లోంచి ఒక స్కూటర్ వచ్చింది. రెయిన్‌కోటు వేసుకుని ఖాదర్, వెనక హెల్మెట్ పెట్టుకుని జుబేదా. రెండు చేతులతో అతని నడుము పట్టుకుని ఉంది.

చెప్పేసిందని అర్థమైంది. ఆమె బెంచీ మీద కూర్చుని స్కార్ఫ్ పిండుకుంటుంటే, ఖాదర్ నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

"ఫ్రిజ్ తలుపుల ఒక చిన్న సీస ఉంటది సార్" అన్నాడు. "పొద్దుగాల నీళ్ళ సీస తీసేటప్పుడు అది అడ్డమొస్తది. పక్కకు జరిపి నీళ్ళు తీసుకుంట. రెండేండ్లు జరిపిన సార్. ఇదేంది, ఎవరికి అని ఒక్కపారి అడగలే. అది ఆమె కండ్ల మందు."

"ఆమెతో ఏమన్నావు?"

"ఏమనాలె? నాకు మాటలు రావు సార్. అల్మారీ మీదికెల్లి హెల్మెట్ తీసిన. దుమ్ము తుడిచిన. ఇచ్చిన." రెయిన్‌కోటు మీది నీళ్ళు దులుపుకున్నాడు. "రెండు నెలలు ఆమెను తప్పు పట్టిన సార్ నేను."

నేను అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయి మానుకున్నాను. అది నా చోటు కాదనిపించింది.

వాన తగ్గాక ఆఖరి క్లాసు పెట్టాను. ఇద్దరినీ ఎక్కించే నడిపించాను. తడి రోడ్డు మీద లేన్ మారే చోటు పదహారుసార్లు దాటించాను. అద్దం, ఇండికేటర్, తల, కదలిక. మొదటి మూడుసార్లు అలవాటుగా ఆగాడు. ఈసారి నేను అరవలేదు, నా తలను నేనే కుడివైపుకి తిప్పి చూపించాను, అతను చూసి తిప్పాడు. ఆరోసారికి మెడ దానంతటదే తిరిగింది. జుబేదా బండితోపాటే చక్కగా ఒరిగింది. కానీ ప్రతిసారీ, ఇండికేటర్ టిక్కుటిక్కుమనగానే, ఆమె కుడి చెయ్యి అతని నడుము వదిలి సగం దాకా లేచేది, గుర్తొచ్చి మళ్ళీ కిందికి దిగేది. పదహారుసార్లూ లేచింది. నేను చూశాను. ఖాదర్‌కి వీపు వెనక జరిగేది ఎలా తెలుస్తుంది అనుకున్నాను.

శుక్రవారం అసెస్‌మెంట్ వేరే ఇన్‌స్ట్రక్టర్ చేశాడు. ఖాదర్ ఒక్కడే నడిపాడు, ఒక్క తప్పు లేకుండా పాసయ్యాడు. దీవి పాస్ నిలబడింది. నాకు చెప్పడానికి వచ్చి, రెండు చేతులూ పట్టుకుని, ఏమీ అనకుండానే వెళ్ళిపోయాడు. మాటలు రావని ముందే చెప్పాడుగా.

నాలుగు నెలలు గడిచాయి. నవంబరులో ఒక పొద్దున సెంటర్‌కి వెళ్తూ బూన్ లేలో ఎర్రలైటు దగ్గర ఆగాను. నా ముందు ఆ గీసుకుపోయిన స్కూటరే. వెనక నీలం స్కార్ఫ్ అంచు హెల్మెట్ కిందనుంచి కనపడుతోంది. వాళ్ళు నన్ను చూడలేదు. పచ్చలైటు పడింది, నేనూ వెనకే కదిలాను. ముందర ఒక బస్సు ఆగి ఉంది, కుడి లేన్‌లోకి మారాలి.

ఖాదర్ అద్దం చూశాడు. ఇండికేటర్ వేశాడు. తల తిప్పి చూశాడు. దారి ఖాళీగానే ఉంది, వెనకున్న నాకూ కనపడుతోంది. అయినా కదల్లేదు. వేగం తగ్గించి, వీపు నిటారుగా పెట్టి, ఆగాడు. "పోవయ్యా!" అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. అప్పుడు జుబేదా కుడి చెయ్యి నడుము వదిలి పైకి లేచింది. ఈసారి సగంలో ఆగలేదు. అతని భుజం మీద ఒకసారి తట్టింది. ఖాదర్ మళ్ళీ తల తిప్పి, రెండోసారి చూసుకుని, అప్పుడు లేన్ మారాడు.

అంటే ఆ పదహారుసార్లూ అతనికి తెలిసింది.

పద్ధతి ప్రకారం అది అనవసరం. అసెస్‌మెంట్‌లో అలా ఆగితే మార్కులు తీసేస్తాం. నేను మాత్రం అరవలేదు, వాళ్ళను దాటుకుని పోనూ లేదు. వాళ్ళు మలుపు తిరిగేదాకా వెనకే నెమ్మదిగా వెళ్ళాను.

ఆ తర్వాత, మన ఊళ్ళ నుంచి బండి నడిపిన అలవాటుతో వచ్చేవాళ్ళని మొదటి క్లాసులోనే ఒకటి అడుగుతున్నాను. "ఇంతకాలం నీ వెనక ఎవరు కూర్చున్నారు?" చాలామంది నవ్వుతారు. కొందరు ఆలోచించి చెప్తారు, అమ్మ అని, తమ్ముడని, పెళ్ళామని. ఆ మనిషి ఇన్నాళ్ళూ ఏమేం చూసి పెట్టారో కనుక్కున్నాకే "తల తిప్పు" అని మొదలుపెడతాను. పాఠం తొందరగా ఎక్కుతోంది, కాగితాలు రావడం కూడా ఆగింది. హమీద్ నా గొంతు పోయిందేమోనని అడిగాడు కూడా.

నా స్కూటర్ వెనక డబ్బా ఇప్పటికీ ఉంది. లేన్ మారేటప్పుడు అద్దం చూస్తాను, ఇండికేటర్ వేస్తాను, తల తిప్పి చూస్తాను. దారి ఖాళీగానే ఉంటుంది. అయినా ఎందుకో ఒక్క క్షణం ఆగుతాను. ఎవరూ తట్టరు. మళ్ళీ ఒకసారి చూసుకుని వెళ్ళిపోతాను.